ఎమ్‌ఎక్స్-5కి ఎగ్జాస్ట్ మారుస్తున్నారా? ముందు 3000 ఆర్‌పీఎమ్ దగ్గర విని చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కారు మాజ్డా ఎమ్‌ఎక్స్-5 అనే టాప్ తెరిచే చిన్న కారు, ఎన్‌డీ తరం (నాలుగోది), 2 లీటర్ల ఇంజిన్, 181 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు. కంపెనీ సైలెన్సర్ శబ్దం కుట్టుమిషన్‌లా ఉందని మీకు విసుగు. హెడ్డర్ (సిలిండర్ల నుంచి కాలిన వాయువును తెచ్చే గొట్టాల గుత్తి) నుంచి టెయిల్ పైపు దాకా 3 అంగుళాల పైపు వేసి, క్యాట్ (పొగలోని విషాలను తగ్గించే కన్వర్టర్) తీయించేస్తే పవర్ ఎంత పెరుగుతుంది? బ్యాక్‌ప్రెషర్ (బయటికి పోయే వాయువుకు ఎదురయ్యే ఒత్తిడి) పోతే కింది ఆర్‌పీఎమ్‌లో, అంటే ఇంజిన్ నిమిషానికి తక్కువ చుట్లు తిరిగేటప్పుడు, టార్క్ (తిప్పే బలం) పడిపోతుందని స్నేహితుడు భయపెడుతున్నాడు, అది నిజమా?

3 అంగుళాలు వద్దు. క్యాట్ ముట్టుకోవద్దు. సైలెన్సర్ ఒక్కటే మారిస్తే వచ్చేది మహా అయితే రెండు మూడు హార్స్‌పవర్, అది మీ కాలికి తెలియదు. మీ స్నేహితుడు చెప్పిన ఫలితం ఒక్కోసారి నిజమే, కారణం మాత్రం తప్పు. అయినా ఎగ్జాస్ట్ మార్చమనే అంటాను. ఎందుకంటే తేలిక కారుకు దానివల్ల వచ్చే లాభాలు వేరే ఉన్నాయి.

ముందు పవర్ సంగతి తేల్చేద్దాం. మీ ఇంజిన్ పుట్టుకలోనే ఎగ్జాస్ట్ మీద బాగా కష్టపడ్డారు. మీ స్కైయాక్టివ్-జీ (మాజ్డా పెట్టిన పేరు) ఇంజిన్లో కంప్రెషన్ నిష్పత్తి 13:1, అంటే సిలిండర్లోకి వచ్చింది పదమూడో వంతుకు నొక్కుకుపోతుంది. ఇంత కంప్రెషన్ ఉన్నప్పుడు కాలిన వేడి వాయువు సిలిండర్లో కాస్త మిగిలినా నాకింగ్ (పెట్రోలు వేళ కాని వేళ తనంతట తానే పేలడం) మొదలవుతుంది. అందుకే 4-2-1 హెడ్డర్ (నాలుగు గొట్టాలు రెండై, ఆ రెండూ ఒకటయ్యేది) కంపెనీయే పెట్టింది. పాత కార్లలో మనం డబ్బు పోసి వేయించుకున్న రకం అది. 2018లో ఇదే ఇంజిన్ 155 నుంచి 181 హార్స్‌పవర్‌కు పెరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఎగ్జాస్ట్ వాల్వులు, పోర్టులు, మానిఫోల్డ్ అన్నీ పెద్దవి చేశారు. కానీ వాటితోపాటు థ్రాటిల్ బాడీ మార్చారు, పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు తేలిక చేశారు, రెడ్‌లైన్ (ఇంజిన్ దాటకూడని ఆర్‌పీఎమ్) 6800 నుంచి 7500కి తీసుకెళ్లారు. ఇంత చేస్తే వచ్చింది 26. మనం చివర ఒక డబ్బా మార్చి 15 రావాలంటే ఎక్కడినుంచి వస్తుంది?

డైనో (పవర్ కొలిచే యంత్రం) కాగితాలు చూపించి 10, 12 పెరిగాయని చెప్పేవాళ్లున్నారు. అదే కారును అదే డైనో మీద పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పరిగెత్తించినా రెండు మూడు హార్స్‌పవర్ తేడా మామూలుగానే వస్తుంది. గాలి వేడెక్కినా తేడా, టైరులో గాలి తగ్గినా తేడా. కొత్త సైలెన్సర్‌తో మూడు పెరిగాయని ఎవరైనా అంటే నేను కాదనను, అలాగని నమ్మను కూడా.

ఇక బ్యాక్‌ప్రెషర్. ఇంజిన్‌కు బ్యాక్‌ప్రెషర్ అవసరం అన్న మాట ఎప్పుడు పుట్టిందో గానీ చావడం లేదు. వాయువు బయటికి పోకుండా అడ్డుపడితే ఏ ఇంజిన్‌కూ మేలు లేదు. పిస్టన్ దాన్ని తోయడానికి కొంత బలం ఖర్చు పెట్టాలి, అంతే. ఇంజిన్‌కు కావలసింది వాయువు వేగం. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే కాలిన వాయువు ధారలా కాకుండా ఒక ముద్దలా దూసుకొస్తుంది. రోడ్డు మీద లారీ వేగంగా వెళ్లిపోతే వెనకాల దుమ్మూ కాగితాలూ దాని వెంట లేచిపోతాయి కదా, అలాగే ఆ ముద్ద వెనక ఒత్తిడి తగ్గుతుంది. పైగా పైపు ఒక్కసారిగా వెడల్పయ్యే చోటుకు చేరగానే ఒత్తిడి అల తిరగబడి, ఈసారి పీల్చే అలగా వాల్వ్ వైపు వెనక్కి వస్తుంది. సరిగ్గా వాల్వ్ మూసుకోబోయే ముందు వచ్చిందా, సిలిండర్లో మిగిలిన వాయువును లాగేసి కొత్త గాలికి చోటు ఇస్తుంది. ఆలస్యమైతే ఆ ఆర్‌పీఎమ్‌లో లాభం లేదు. హెడ్డర్ గొట్టాల పొడవుతో ఆడే ఆటంతా ఈ సమయం కోసమే.

పైపు మరీ లావైతే ఈ వేగం పడిపోతుంది. 3 అంగుళాల పైపు అడ్డకోత వైశాల్యం 2.25 అంగుళాల పైపు కంటే దాదాపు 78 శాతం ఎక్కువ. అంటే అదే వాయువు అందులో దాదాపు సగం వేగంతో నడుస్తుంది. కింది ఆర్‌పీఎమ్‌లో కారు మందకొడిగా అనిపిస్తే దానికి కారణం ఇదే. జనం దానికి పెట్టిన పేరు బ్యాక్‌ప్రెషర్. టర్బో లేని 2 లీటర్ల ఇంజిన్‌కు 2.25 నుంచి 2.5 అంగుళాలు చాలు. టర్బో కార్ల కథ వేరు. టర్బైన్ దాటాక పైపు ఎంత ఖాళీగా ఉంటే అంత మంచిది. 3 అంగుళాల సలహా అక్కడి నుంచి మోసుకొచ్చి అందరికీ అంటగడుతున్నారు.

మరి ఎందుకు మార్చాలి? ఒకటి బరువు, రెండోది శబ్దం.

మీ కారు 1060 కిలోల దరిదాపు ఉంటుంది. 80 కిలోల మనిషి కూర్చుంటే ఒక్కో హార్స్‌పవర్ 6.3 కిలోలు మోస్తోందన్నమాట. 7 కిలోలు తగ్గించారంటే ఒక హార్స్‌పవర్‌కు పైగా పెరిగినట్టే లెక్క, అదీ ఏ ఆర్‌పీఎమ్‌లో అయినా. ఇంకో సంగతి, సైలెన్సర్ ఉండేది వెనక ఇరుసుకు అవతల, డిక్కీ కింద అడ్డంగా. కారు తిరిగేటప్పుడు మధ్యలో ఉన్న బరువు కంటే చివర ఉన్న బరువు ఎక్కువ మొరాయిస్తుంది, దూరం వర్గంతో పెరిగే లెక్క అది. గురుత్వ కేంద్రం నుంచి 1.6 మీటర్ల దూరంలో 7 కిలోలు తగ్గితే కారు తిరగడానికి ఇచ్చే మొరాయింపులో ఒక శాతం అటూఇటుగా పోతుంది. ఒక శాతమేనా అంటారేమో. డబ్బా మార్చి పవర్‌లో తెచ్చుకోగలిగింది కూడా అంతే కదా! కొనేముందు అమ్మేవాళ్లను హార్స్‌పవర్ అడక్కండి, కిలోలు అడగండి. చెప్పలేకపోతే అది కంపెనీ డబ్బా కంటే బరువైనదే అయ్యుంటుందని నా అనుమానం. పెద్ద జంట టిప్పులు (బయటికి కనిపించే పైపు చివరలు), మెరిసే మందపాటి డబ్బాలు ఉన్నవి నేను తూచి చూశాను. కొన్నింటికి కంపెనీదే నయం.

ఇప్పుడు అసలు విషయం. శబ్దం.

చాలా ఏళ్ల కిందట నా పాత ఎమ్‌ఎక్స్-5కి రెసొనేటర్ (హోరును అణిచే అదనపు డబ్బా) లేకుండా, లోపల చిల్లుల గొట్టం తప్ప ఇంకేమీ లేని సైలెన్సర్ వేయించాను. ఒక వీడియో విని మోజుపడ్డాను. మొదటి వారం పండగే. సొరంగాల కోసం వెతుక్కుంటూ తిరిగాను. రెండో వారం నాలుగు గంటల ప్రయాణం పడింది. హైవే ఎక్కి ఆరో గేరులో వేగం నిలకడగా పెట్టగానే గుయ్‌మని ఒక హోరు మొదలైంది. చెవికి పెద్దగా లేదు, పుర్రె లోపల మోగుతున్నట్టుంది. 40 నిమిషాలయ్యాక మా ఆవిడ చాలా మర్యాదగా అడిగింది, దీన్ని ఆపే బటన్ ఏదైనా ఉందా అని. గేరు దించి ఆర్‌పీఎమ్ 3500 దాటిస్తే హోరు పోతుందని కనిపెట్టి, మిగతా దారంతా ఐదో గేరులోనే తోలాను. మూడు నెలలకు ఆ డబ్బాను సగం ధరకు అమ్మేశాను. కొన్నవాడికి హోరు సంగతి చెప్పే అమ్మాను. నవ్వాడు. ఆరు నెలలకు వాడూ అమ్మేశాడు.

ఆ హోరు ఎక్కడినుంచి వస్తుందో మీ కారుకే లెక్క వేసి చూపిస్తాను. మీ ఆరో గేరు నిష్పత్తి 1:1, డిఫరెన్షియల్ (చక్రాలకు పంచే చివరి గేరు) 2.866, 17 అంగుళాల టైరు చుట్టుకొలత 1.93 మీటర్లు. 100 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ దాదాపు 2470 ఆర్‌పీఎమ్, 120లో దాదాపు 2960. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టులో రెండుసార్లు పేలుతుంది. అంటే 100 వేగంలో సెకనుకు 82 పేలుళ్లు, 120లో 99. ఈ 80-100 హెర్ట్జ్ శబ్దం చిల్లుల గొట్టం, గాజు ఊలు ఉన్న సైలెన్సర్‌కు లొంగదు. ఊలు పీల్చేది పైస్థాయి గరగరను. కింది స్థాయి హోరుకు ఊలు అడ్డే కాదు. పెద్ద కార్లలో తివాచీల కింద, డిక్కీ గోడలకు అతికించే మందపాటి పరుపులు కొంత ఆపుతాయి. తేలిక కారులో తేలికగా ఉండటానికి మొదట పీకేసేవే అవి. మీ వీపు వెనక ఒక రేకు, దాని వెనక డిక్కీ, దాని కింద సైలెన్సర్. టాప్ తీసి నడిపితే గాలిలో హోరు కలిసిపోతుంది. టాప్ మూశారా, డ్రమ్ములో కూర్చున్నట్టే.

అందుకే కొనేముందు ఒక్కటే పరీక్ష. అదే ఎగ్జాస్ట్ వేసుకున్న వాళ్ల కారు ఎక్కండి, టాప్ మూయించండి, ఆరో గేరులో 100 నుంచి 120 మధ్య పది నిమిషాలు కూర్చోండి. మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగితే కొనండి. యూట్యూబ్ వీడియోలు దీనికి పనికిరావు. ఫోన్ మైకు పెద్ద శబ్దాన్ని తనంతట తానే తగ్గించేస్తుంది, కింది స్థాయి హోరును దాదాపు పట్టుకోదు. పైగా ఆ వీడియోలన్నీ నిలబెట్టి రేస్ చేసినవో, రెడ్‌లైన్ దాకా లాగినవో. మనం రోజూ బతికేది 3000 దగ్గర.

ఇప్పటికే కొనేసి బాధపడుతున్న వాళ్లకు ఒక మందు ఉంది. ప్రధాన పైపుకు పక్కన ఒక మూసిన గొట్టం వెల్డింగ్ చేయిస్తారు, జే-పైపు అంటారు. అల ఆ గొట్టంలోకి వెళ్లి, చివర గోడకు తగిలి, తిరిగొచ్చేసరికి అసలు అలకు సరిగ్గా ఎదురుతిరిగి ఉంటుంది, రెండూ కొట్టుకుపోతాయి. పొడవు లెక్క సులువే. శబ్దవేగాన్ని నాలుగు రెట్ల ఫ్రీక్వెన్సీతో భాగించాలి. గొట్టంలోని వాయువు 125 డిగ్రీల దగ్గర ఉంటే శబ్దవేగం సెకనుకు 400 మీటర్లు. 99 హెర్ట్జ్‌ను చంపాలంటే మీటరు పొడవు కావాలి. చల్లగా ఉంటే 88 సెంటీమీటర్లే సరిపోతుంది. లోపల వేడి ఎంతో ముందే తెలియదు కాబట్టి కాస్త పొడవుగా చేయించి, నడిపి చూసి, కొంచెం కొంచెం కోయించుకోవాలి. వాయు ప్రవాహానికి అడ్డు ఉండదు, పవర్ పోదు. కానీ ఒక్క ఫ్రీక్వెన్సీకి, దాని చుట్టుపక్కల కాస్తకే పనిచేస్తుంది. పైగా అంత పొడుగు గొట్టాన్ని ఈ బుల్లి కారు కింద ఎక్కడ పెడతారన్నది ఇంకో తలనొప్పి. ముందే రెసొనేటర్ ఉన్నది కొనుక్కుంటే ఈ బాధ లేదు. కంపెనీ మధ్య పైపును అలాగే ఉంచి, వెనక డబ్బా ఒక్కటే మార్చండి అనేది అందుకే.

క్యాట్ గురించి రెండు మాటలు. చాలా దేశాల్లో తీయడం చట్టవిరుద్ధం, తనిఖీలో బండి నిలబడిపోతుంది. అది పక్కన పెట్టినా, టాప్ లేని కారులో వేగంగా వెళ్తుంటే వెనక గాలి సుడి తిరిగి లోపలికే వస్తుంది. క్యాట్ లేకపోతే ఆ పొగ వాసన చొక్కాకు పట్టేస్తుంది, తలనొప్పి తెస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కైతే వాసన కూడా ఉండదు. క్యాట్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పి0420 కోడ్‌తో చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఇక ఆరదు. క్యాట్ వెనక ఉండే ఆక్సిజన్ సెన్సర్‌ను మోసం చేసే స్పేసర్లు అమ్ముతారు, వాటితో పెట్టుకోకండి. ఈ-మార్క్ (ఆమోదం పొందిన భాగమని చెప్పే ముద్ర) అడిగే దేశాల్లో అయితే మీరు కొనే సైలెన్సర్ మీద ఆ ముద్ర ఉందో లేదో చూసుకోండి. కంపెనీ సైలెన్సర్‌ను మాత్రం అమ్మకండి, అటకెక్కించండి. తనిఖీకి, కారు అమ్మేటప్పటికి అదే దిక్కు.

లోహం విషయంలో అంత ఆలోచించక్కర్లేదు. 409 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పైన తుప్పు రంగు వస్తుంది కానీ ఏళ్ల తరబడి నిలుస్తుంది. 304 రకం మెరుపు పోదు, ఎక్కువమంది అదే కొంటారు. జేబులో అయస్కాంతం వేసుకెళ్తే తేడా తెలిసిపోతుంది, 409కి గట్టిగా అతుక్కుంటుంది, 304కి అతుక్కోదు. టైటానియం సాంద్రత స్టీలులో 57 శాతమే, బరువు కోసం కొంటే అదే కొనాలి, కాకపోతే శబ్దం కాస్త గీసినట్టు, లోహపు మోతతో వస్తుంది. కొందరికి అదే ఇష్టం. పైపు వంపులను మాత్రం వేలితో తడిమి చూడండి. వంపు దగ్గర ముడతలు పడి నొక్కుకుపోయి ఉంటే లావు పైపు కొన్న డబ్బులు దండగ. మాండ్రెల్ (వంచేటప్పుడు పైపు లోపల పెట్టే కడ్డీ) మీద వంచినదైతే లోపలి వ్యాసం మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది.

బిగించడం ఇంట్లోనే చేసుకోవచ్చు, ఒక మధ్యాహ్నం పని. ముందురోజు రాత్రే బోల్టుల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. కారును గట్టి నేల మీద స్టాండ్ల పైన నిలపండి, ఒట్టి జాకీ మీద వదిలి కిందికి దూరొద్దు. ఎగ్జాస్ట్ పూర్తిగా చల్లారాలి. సైలెన్సర్ వేలాడే రబ్బర్లు రావడం లేదని స్క్రూడ్రైవర్‌తో పొడిచేవాళ్లను చూశాను, చేతులు కోసుకుంటారు. సబ్బునీళ్లు రాసి మెలితిప్పితే జారి వచ్చేస్తాయి. ఇంజిన్ ఆయిల్ రాయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. చివరి రబ్బరు తీసేముందు డబ్బా కింద ఎవరినైనా పట్టుకోమనండి, లేదంటే అది మీ ఛాతీ మీదకే వస్తుంది.

కొత్తది ఎక్కించాక ఏ బోల్టూ పూర్తిగా బిగించకండి. అన్నీ వదులుగా పెట్టి, టిప్పును బంపర్ మధ్యకు తెచ్చి, తర్వాత ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రండి. గాస్కెట్ కొత్తదే వాడండి. స్టెయిన్‌లెస్ బోల్టు మీద స్టెయిన్‌లెస్ నట్టు పొడిగా తిప్పితే మధ్యలో పట్టేసి ఇక కదలదు, యాంటీసీజ్ (పట్టేయకుండా రాసే పేస్టు) కొంచెం రాయండి. టిప్పుకూ బంపర్‌కూ మధ్య చిటికెన వేలు సులువుగా దూరేంత సందు వదలాలి. 304 పైపు మీటరు పొడవు 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు అందంగా అతుక్కున్న టిప్పు, వేడెక్కాక బంపర్‌ను కరిగిస్తుంది.

స్టార్ట్ చేసేముందు మెత్తని గుడ్డకు ఆల్కహాల్ తడిపి పైపంతా తుడవండి. నేను మొదటిసారి ఇది చేయలేదు. నా కుడిచేతి ఐదు వేళ్ల ముద్రలు టిప్పు మీద గోధుమరంగులో కాలి, కారు అమ్మేదాకా అలాగే ఉన్నాయి. స్టార్ట్ చేయగానే కాస్త పొగ వస్తే కంగారు పడకండి, తయారీలో మిగిలిన నూనె అది. చల్లగా ఉండగానే టిప్పును మందపాటి గుడ్డతో రెండు మూడు సెకన్లు మూసి వినండి. ఎక్కడైనా టిక్‌టిక్‌మన్నా, ఉస్‌మన్నా అక్కడ లీకు ఉన్నట్టే. వెనక డబ్బా దగ్గర చిన్న లీకు అయితే చికాకు తప్ప ప్రమాదం తక్కువ. అదే ఇంజిన్ దగ్గరి ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు లీకు ఉంటే బయటి గాలి లోపలికి లాక్కుని, మిక్చర్ పల్చగా ఉందని కంప్యూటర్ పొరబడి పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మీరు మధ్య పైపు, హెడ్డర్ జోలికి వెళ్లకపోతే ఈ గొడవ మీకు రాదు.

150 కిలోమీటర్లు తిరిగాక, మళ్లీ పూర్తిగా చల్లార్చి, ఫ్లాంజ్ (పైపులు కలిసే చోటి పళ్లెం) బోల్టులను స్పానర్‌తో ఒక్కసారి చూడండి. నావి ప్రతిసారీ పావు చుట్టు తిరిగాయి. ఊలు ఉన్న సైలెన్సర్ అయితే కొత్తలో ఉన్న శబ్దం అలాగే ఉండదు, మొదటి కొన్ని వేల కిలోమీటర్లలో కాస్త పెరుగుతుంది. కాబట్టి పరీక్షకు ఎక్కే కారులో ఎగ్జాస్ట్ ఎంత పాతదో కూడా అడగండి.